అట్టకెక్కిన బిరుదు

వృక్షశాస్త్రం మేడమ్ ముప్పై ఆరేళ్లు కొండాకోనా తిరిగి మొక్కలు ఏరుకొచ్చింది. ఒక్కోదాన్నీ కాగితాల మధ్య ఆరబెట్టి, అట్టకు అంటించి, కింద చీటీ రాసింది: పేరు, దొరికిన చోటు, ఉన్న భాగాలు. చీటీలో తప్పు దొర్లితే శిష్యుల్ని చెడామడా తిట్టేది. అలాంటి మనిషి రిటైరైన మర్నాడే ఆమె గది తాళంచెవి చేతులు మారింది.

రెండేళ్లకు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెను గౌరవ ఆచార్యురాలిని చేశారట. మేడమ్ మురిసిపోయి, మంచి చీర కట్టుకుని వెళ్లింది. ఆమె గదిలో జిరాక్సు మిషను కూర్చుంది. అట్టలన్నీ బాత్రూమ్ పక్క వసారాలో, తడి నేల మీద, చెదలు పట్టి పడున్నాయి.

"ఇదేంట్రా?" అని అడిగింది, ఇప్పుడు విభాగాధిపతి అయిన పాత శిష్యుణ్ణి.

"చోటు లేదు మేడమ్," అని నసిగాడతను. "మీకు గది కూడా ఇవ్వలేం. వచ్చే వారం తనిఖీ వాళ్లొస్తున్నారు. మీరు ఈ బిరుదు ఒప్పుకుంటే మీ పరిశోధన వ్యాసాలన్నీ మన విభాగం లెక్కలోకొస్తాయి. ఓ సంతకం పెడితే చాలు."

మేడమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. చెదలు ముట్టని ఖాళీ అట్ట ఒకటి వెతికి తెచ్చి, అతని బల్ల మీదున్న జిగురు సీసాతోనే తను వెంట తెచ్చుకున్న ఆ ఉత్తరాన్ని దానికి అంటించింది. కింద చీటీ రాసింది. పేరు: గౌరవం. దొరికిన చోటు: బాత్రూమ్ పక్క వసారా. ఉన్న భాగాలు: వేరు లేదు, పువ్వు లేదు, కాయ లేదు.

"తనిఖీ వాళ్లకు ఇది చూపించు," అంది. "ముందు చీటీలో తప్పేమైనా ఉందేమో చూసుకో."