సుజిన్ వాళ్ల పట్టణం

ఈ ఉదయం నన్ను లేపిన దేవునికి స్తోత్రం. దుబాయ్ దుకాణాల్లో కాల్చిన సముద్రపు నాచు వాసన తగిలితే, కొరియా వెళ్లిపోయిన నా నేస్తం సుజిన్ గుర్తొస్తుంది. వాళ్లది ‘ఉప్’, అంటే పట్టణమట. దాని పెద్దను జనం ఎన్నుకోరు, జిల్లా అధిపతే నియమిస్తాడని చెప్పింది. అప్పటికి పన్నెండేళ్ల నేను అది దిక్కులేని ఊరనుకున్నాను.

కరోనా తర్వాత మందిరం తెరిచిన మొదటి ఆరాధనలో, ప్రార్థన మనవులు అడగ్గానే లేచి ఆ ఊరి పేరు చెప్పాను.

“దేశాలన్నిటికీ చేశాం కదమ్మా, అందులో అదీ వచ్చేసింది. యల్లా, కూర్చో!” అని అరబీలో తొందరపెట్టారు సంఘ పెద్ద.

“బేత్లెహేము కూడా చిన్న ఊరే కదా అంకుల్! దీనికి విడిగా చేసేదాకా కూర్చోను.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కళ్లు మూసుకుని ప్రార్థించారు.

ఆ పట్టణానికి కార్యాలయం, అధికారి అన్నీ ఉన్నాయని ఇప్పుడు తెలుసు. అయినా నా మనవి వెనక్కి తీసుకోను. మీరూ నాతో కలిసి ఆ ఊరి కోసం ప్రార్థించండి.