ఎలా పగిలింది?

కార్ల ఇన్సూరెన్సు సర్వేయరు గారికి ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. సొట్టపడ్డ తలుపును గోటితో గీరి, తుప్పు చూసి, "ఇది పాత దెబ్బండీ" అని తేల్చేస్తాడు. డాక్టరిచ్చిన మాత్రనైనా వెలుతురుకు పట్టి చూశాకే మింగుతాడు. అలాంటి మనిషి, బ్రేకు ఫెయిలై తన కారు గోడను గుద్దిందని, అందుకే భార్య కాలు విరిగిందని అందరికీ చెప్పాడు. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు.

చివరికి ఆవిడే చేతికర్ర ఊతంతో ఆయన్ను మనోవైద్య కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడ ఆయన కళ్లకు, లేనివి ఉన్నట్టు చూపే వీఆర్ పెట్టె తగిలించగానే, ఎదురుగా బల్లమీద పగిలిన పింగాణీ గిన్నె, బంగారు పొడి కలిపిన జిగురు కనిపించాయి.

"జపాన్ వాళ్లు పగుళ్లు దాచరండీ, ఇలా బంగారంతో అతికిస్తారు. మీరూ నిదానంగా అతికించండి," అంది కౌన్సెలరు.

ఆయన ఓ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదెలా పగిలింది?"

"అదిప్పుడు అవసరం లేదండీ."

"భలేవారే! ఎవరు పగలగొట్టారో తేలకుండానే అతికించేస్తారా?"

అంటూనే ఆగిపోయాడు. గాలిలో లేచిన చేయి మెల్లగా దిగింది. పెట్టె తీసేసి, భార్య ముఖం చూడలేక నేలచూపులు చూస్తూ అన్నాడు: "ఆ రోజు బ్రేకు ఫెయిలవలేదు. నేను ఫోను చూస్తున్నాను."

చెదిరిన ఆయన జుట్టును ఆవిడ చేత్తో సర్దింది.

"తెలుసండీ. పక్క సీట్లో కూర్చుంది నేనేగా!"