మణికట్టు మీద మూడు వేళ్లు

పాత మరణ పత్రాల్లో ఉర్దూలో రాసిన జబ్బుల పేర్లు తెలుసుకోవాలంటే కాశిబుగ్గలో అందరూ యునానీ వైద్యం చేసే హకీం తాత దగ్గరికే వెళ్లేవాళ్లు. పేరు చదివాక వెంటనే అర్థం చెప్పేవాడు కాదు. తన ఎడమ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని తన నాడి తానే చూసుకునేవాడు. పోయినవాళ్ల జబ్బు ఆయన ఒంట్లో ఒకసారి తిరిగి వెళ్తోందా అన్నట్టు ఉండేది.

భూమి కాగితాల మధ్య దొరికిన మా ముత్తాత మరణ పత్రం నేనూ తీసుకెళ్లాను.

"సకతా," అని చదివాడు. వేళ్లు మణికట్టు మీద చాలాసేపు ఉండిపోయాయి.

"ఎప్పుడు కాలవెట్టిండ్రు?"

"అదే రోజు పొద్దుగూకంగ అంట తాతా."

"సకతా వస్తె మనిషి సచ్చినట్టే పడుంటడు బిడ్డా. ఊపిరి కానరాదు, నాడి దొరకది. జర ఆగి సూడాలె అనేటోడు మా ఉస్తాద్."

చితి మీద ముత్తాత లేచి కూర్చున్నాడనీ, దయ్యం పట్టిందని అందరూ పరిగెత్తారనీ మా చిన్నప్పుడు నాయనమ్మ కథలా చెప్పి భయపెట్టేది. ఆ మాట నేను తాతకు చెప్పలేదు.

మొన్న ఎండాకాలం హకీం తాత పోయాడు. నేను పక్కన కూర్చుని ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను. సన్నగా ఏదో కొట్టుకుంటోంది. అది ఆయన నాడో, నా వేళ్లలోదో తెలియలేదు.

"లే తమ్మీ, ఎండెక్కుతాంది. తీస్కపోవాలె," అన్నాడు ఆయన కొడుకు.

"జర ఆగుండ్రి," అన్నాను.