గుక్కలు లెక్కపెట్టే దోన్ ఎవారిస్తో

మా గుక్కలు లెక్కపెట్టే పని దోన్ ఎవారిస్తోకు ఎవరు అప్పజెప్పారు? ఇంత వయసొచ్చినా నాకు జవాబు దొరకలేదు. ఊళ్లో ఎవరు ఏం తాగినా ఆయన పెదవులు కదిలేవి. ఓ పెళ్లిలో ఫాదర్ గారు గ్లాసెత్తి దించేసరికి, వెనక వరుసలోంచి "పదకొండు" అని వినిపించింది.

మా చాకో మైదానంలో మధ్యాహ్నాలు తెల్లటి ఉప్పుదుమ్ము మీద తేలుతున్నట్టుండేవి. అల్గరోబో చెట్ల నీడలో, సగం నిద్రలో, మాతె ఆకు కషాయం తాగేవాళ్లం. అందరికీ ఒకే సొరబుర్ర, ఒకే పీల్చే గొట్టం, చేతులు మారుతూ. ఆయన ఫ్లాస్కు చంకన పెట్టుకొచ్చి, మా కెటిల్‌ను పక్కకు నెట్టి, తన వాననీళ్లే పోసేవాడు.

"మా బావికేం తెగులండీ?" అంది మా చెల్లెలు రొమీల్దా. దానికప్పుడు ఆరో నెల.

"ఆర్సెనిక్ ఉందమ్మా."

"కాచే తాగుతున్నాంగా."

"కాచినా పోదు. ఇంకా చిక్కబడుతుంది."

"పరిమితి లోపలే ఉందని నీళ్ల ఆఫీసువాళ్లు కాగితమిచ్చారు మరి."

"అది రోజుకు రెండు లీటర్లు తాగేవాళ్లకి. నువ్వు పొద్దుట్నుంచి ముప్ఫై బుర్రలు లాగించావు. ఆ కాగితం రాసినాయన మాతె తాగడు తల్లీ."

"అయ్యో పాపం. ఆయన్నోసారి మా ఇంటికి పంపించండి."

అందరం నవ్వాం. ముసలాయనకు తన పొట్టంటే ఎంత ప్రాణమో అనుకున్నాం.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఫ్లాస్కు మాత్రం రోజూ వచ్చేది. రొమీల్దా వంతు వస్తే తప్ప మూత తీసేవాడు కాదు. పిసినారితనం దెప్పుదామనే ఓరోజు వాళ్లింటికెళ్లాను. చూరు కింద వాననీటి తొట్టి అడుగున అరచెయ్యంత తడి. ఆయన బావి చేద ఎత్తిపట్టి గటగటా తాగుతున్నాడు.

"దొరికిపోయారు. మీ పరిమితి ఏమైందండీ?"

ఆయన మూతి తుడుచుకున్నాడు. "పుట్టబోయేవాళ్ల సంగతి వేరమ్మాయ్. నాకు డెబ్బై రెండు." కాస్త సిగ్గుపడ్డాడు కూడా. "నువ్వేం లెక్కపెట్టలేదు కదా?"

"తొమ్మిది," అన్నాను.

రొమీల్దాకు నెలలు నిండాక వాన పడింది. దాంతోపాటే, పైకప్పు అదిరేలా ఏడుస్తూ ఓ ఆడపిల్ల. ఇల్లంతా చుట్టాలు, మాతె ఆవిర్లు, వాన చప్పుడు. సొరబుర్ర చేతులు మారి మారి ఆయన వంతుకొచ్చింది. "తీసుకోండి" అంటూ చెయ్యి చాపాను. కుర్చీ ఖాళీ.

పక్క ఊళ్లో ఎవరికో మూడో నెలని ముందురోజే విన్నాడట. కిటికీలోంచి చూస్తే, చూరు నీళ్లు తొట్టిలోకి పట్టే రేకు గొట్టమొకటి భుజాన వేసుకుని, జల్లులో ఆ దారిన పోతున్నాడు.