బిగిసిన మేకులు

మా బావని అందరూ పిల్లి అంటారు. మా అక్కని చేసుకోకముందు నుంచే ఆ పేరు. ఏటవాలు కప్పుల మీద రాతి పలకలు పరిచే పని ఆయనది. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పాత కప్పులు విప్పి, చూసి, చెడగొట్టి, మళ్లీ పరిచి నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా జారలేదు. నిరుడు వానలకి ముందు జారాడు.

బడి కప్పు మీద నాచు పట్టిన పలక తొక్కాడు. నేను కప్పు నడినెత్తిన కూర్చుని ఆయన నడుముకి కట్టిన తాడు పట్టుకున్నాను. పొగగొట్టానికి ఒక చుట్టు తిప్పి పట్టుకోవడం మా పద్ధతి. తాడు ఒక్కసారిగా లాగేసి నా అరచేతులు ఒలిచేసింది. బావ అంచుకి జానెడు దూరంలో ఆగాడు. పాక్కుంటూ పైకొచ్చి, "సుత్తి కింద పడింది. నీది ఇలా ఇవ్వు" అన్నాడు. దిగాక మాత్రం, "మీ అక్కకి చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు.

ఈ ఏడు తొలి వానకే దర్జీ ఆవిడ కబురు పంపింది. కిందటేడు మేం పరిచిన కప్పే. వెళ్లేసరికి మిషను పక్కన బకెట్టు, బకెట్టు పక్కన గిన్నె, గిన్నె పక్కన చెంబు.

"పిల్లి వేసిన కప్పని ధీమాగా పడుకున్నానయ్యా. పెళ్లివారి బట్ట నిలువునా తడిసింది. పైన ఎలుకల్ని వదిలి వెళ్లావా ఏంటి?" అంది.

బావ నవ్వలేదు. నిచ్చెన ఎక్కుతుంటే ఆయన చెవుల వెనక చెమట చూశాను. ఎండ ఇంకా రానేలేదు.

పైనుంచి చూస్తే ఒక్క పలకా చెదరలేదు. వేలి కణుపుతో కొట్టాడు. మంచి పలక ఖంగుమంటుంది. ఇవి పగిలిన కుండల్లా బొంగురుగా మోగాయి. నడినెత్తి నుంచి కిందికి ఒక్కో వరుసా విప్పుకుంటూ వచ్చాడు. మూడో వరుసలో ఆగిపోయాడు.

"ఏంటి బావా?"

పలక ఎత్తి చూపించాడు. మేకు దగ్గర్నుంచి రెండుగా చీలింది. పైవరుస కప్పేయడంతో చీలిక బయటికి కనబడలేదు. పక్కది తీశాడు. అదీ అంతే. దాని పక్కదీ అంతే.

ఈ పనిలో మొదటి పాఠం ఒక్కటే. పలక మేకుకి వేలాడాలి, కొక్కేనికి చొక్కా వేలాడినట్టు. మేకు తల పలకని తాకీ తాకనట్టు ఉండాలి. ఇంకొక్క దెబ్బ ఎక్కువేస్తే ఎండకీ వానకీ కదలడానికి చోటు లేక పలక పగులుతుంది. నేను మొదట్లో బిగించి కొడితే నా చెయ్యి పట్టుకుని ఆపింది బావే. అలాంటిది ఇక్కడ ప్రతి మేకూ కసిగా దిగి ఉంది.

"ఎవరో పిచ్చోడు కొట్టినట్టుందిరా" అన్నాడు.

"నువ్వే కొట్టావు బావా. బడి మీద జారిన వారానికి."

బావ చీలిన పలకని పక్కన పెట్టాడు. తర్వాత, నావైపు చూడకుండా అన్నాడు. "భయమేస్తోందిరా. పైకెక్కితే చాలు, కప్పంతా కిందికి జారిపోతున్నట్టుంటుంది. మేకు గట్టిగా దిగితేనే నేను నిలబడినట్టు ఉండేది."

"నాకు తెలుసు. ఏడాదిగా నీ తాడు వణుకుతూనే ఉంది."

"మరి చెప్పలేదేం?"

ఏం చెప్పను? చెబితే ఆ వణుకు నిజమైపోతుందని నాకూ భయమే. చేతిలో తాడు బిగిసినప్పుడల్లా అక్క మొహం కళ్ల ముందుకొచ్చేది.

సాయంత్రానికి ఆ భాగమంతా విప్పి మళ్లీ పరిచాడు. ప్రతి మేకు తర్వాత సుత్తి పక్కన పెట్టి, పలకని వేలితో కదిపి చూశాడు. కదిలితేనే తర్వాతది. దిగాక లెక్కపెట్టాడు. జారిన తర్వాత పరిచిన కప్పులు ఇంకా నాలుగు. వాటిలో గ్రంథాలయం మూడంతస్తులు.

"వేరేవాళ్లకి అప్పజెబుదాం బావా."

"నా మేకులు ఇంకొకడు పీకాలా?" అన్నాడు. కాస్త ఆగి, "ముందు మీ అక్కకి చెప్పాలి. అది మాత్రం నువ్వు చెప్పు" అన్నాడు.

"అమ్మో, దానికన్నా గ్రంథాలయమే నయం."

అప్పుడు నవ్వాడు. చివరికి ఆ రాత్రి అక్కకి చెప్పింది ఆయనే. అక్క తిట్టలేదు. తాడు దీపం దగ్గరికి తీసుకెళ్లి, మొదట్నుంచి చివరిదాకా పోగు పోగూ తడిమి చూసింది.

మర్నాడు గ్రంథాలయం మీద గాలి ఎక్కువగా ఉంది. కింద మనుషులు గింజల్లా ఉన్నారు. పడమట మబ్బు పడుతోంది. తాడు నా చేతిలో వణుకుతూనే ఉంది. ఆ వణుకు నాదో, ఆయనదో తెలియలేదు. బావ మొహం కప్పుకి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. నేను చుట్టు బిగించి పట్టుకున్నాను.

పాత మేకు పీకి బావ కొత్త పలక పెట్టాడు. సుత్తి దెబ్బలు రెండు పడ్డాయి. మూడోది పడలేదు. తర్వాత పలక టకటకమని కదిలిన చప్పుడు వినిపించింది.

అప్పుడు ఊపిరి వదిలాను. బావ సంచిలోంచి ఇంకో మేకు తీశాడు.