జలంధర్ కొబ్బరికాయ

ఖతార్‌లో జలంధర్ చేయి పడిన వంతెనలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా పూర్తవడం అతను చూడలేదు. నిర్మల్‌లో డిప్లొమా చదివి, గోదావరి మీద రైలు వంతెన మరమ్మతుల దగ్గర పని నేర్చుకుని వచ్చిన ఇంజనీరు. పునాదులూ స్తంభాలూ అతని చేత లేపించుకోవడం, రెండు వైపుల నుంచీ వంతెన మధ్యలో కలవబోయే వేళకు ఇంకో సైట్‌కు తోలేయడం కంపెనీకి అలవాటు. పనిమంతుడు కావడమే అతని ఖర్మ.

ప్రతి వంతెనకూ అబూ హమూర్ మార్కెట్‌లో ఒక కొబ్బరికాయ కొనేవాడు, దాని చివరి ముక్క కూర్చున్న రోజు కొట్టాలని. ప్రతిసారీ బదిలీ ముందొచ్చేది. అతని గదిలోనే ఉండే ఊరివాడు, కంపెనీ డ్రైవరు అంజి ఆ కాయను చట్నీ చేసేవాడు. చట్నీ బాగుండేది కూడా. జలంధర్‌కు మరీ ఒళ్ళు మండేది అందుకే.

ఈసారి అల్ ఘర్రాఫా వైపు రైలు వంతెన. మధ్యలో ఒక్క ముక్క మిగిలింది. అప్పుడే బదిలీ కబురు కంపెనీ వాట్సాప్ గ్రూపులో పడింది. జలంధర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. సరాసరి మేనేజర్ తల్హా గదిలోకి వెళ్ళాడు.

"యల్లా భాయ్, ఇక బయల్దేరు, కొత్త సైట్‌లో నీకోసమే చూస్తున్నారు," అన్నాడు తల్హా హిందీలో.

"మాఫీ, కుదరదు," అన్నాడు జలంధర్. "ఆ ముక్క పడేదాకా నేను కదలను. కాదంటే ఇంటికి పంపించెయ్యండి."

అతను ఎదురు చెప్పడం తల్హా ఎన్నడూ ఎరగడు. కాసేపు గడ్డం గోక్కుని, సరే, రేపు ముక్క కూర్చున్నాకే వెళ్ళమన్నాడు. ఆ సంబరంలో జలంధర్ అంజికి ఈ మాట చెప్పడమే మరిచాడు.

పొద్దున స్నానం చేసి అలమరా తెరిస్తే కాయ లేదు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది.

"ట్రాన్స్‌ఫర్ అచ్చింది గదనే అన్నా. ఎప్పటి లెక్కనే చట్నీ జేసిన," అన్నాడు అంజి.

"ఒక్క మాట అడగద్దారా? నోరు లేదా నీకు?"

"నువ్వన్న చెప్పద్దా మరి?"

ఇంకో కాయ కొనే వ్యవధి లేదు. జలంధర్ వెళ్ళి బండి వెనక సీట్లో కూర్చున్నాడు.

క్రేన్ మెల్లగా ముక్కను దించింది. అంచులు కలిశాయి. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే జలంధర్ వట్టి చేతులతో నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా కోరుకున్నది కళ్ళెదుటే ఉంది. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. అంజి తల వంచుకుని ఇడ్లీ, చట్నీ ఉన్న డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు.

ఇంతలో భార్య సుమలత నిర్మల్ నుంచి ఫోన్ చేసింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల బ్రిడ్జి అయిందా? కొబ్బరికాయ కొట్టినవా?"

జలంధర్ డబ్బా వంక చూశాడు.

"కొట్టినం. నేను గాదు, అంజిగాడు కొట్టిండు."

"ఎవలు కొడితేంది. ప్రసాదం అందరికి పెట్టిండ్రా?"

జలంధర్ డబ్బా తీసి అంజి చేతిలో పెట్టాడు.

"పంచురా," అన్నాడు, ఇంకా కోపంగానే.