ఆ రోజు "రైట్" అన్న అమ్మాయిని నేనే

నిన్న పొద్దున ఢిల్లీ మెట్రోలో ఉండగా మా ట్రైనింగ్ సార్ భార్య, ఆంటీ, ఫోన్ చేశారు.

"మీ సార్ లేవట్లేదమ్మా" అన్నారు.

ముందు అర్థం కాలేదు. వాకింగ్ నుంచి వచ్చి, సోఫాలో కూర్చుని, మంచినీళ్లు అడిగారట. ఆవిడ గ్లాసు తెచ్చేసరికి అంతా అయిపోయింది.

ద్వారకాలో దిగి ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూలబడ్డాను.

కెప్టెన్ రాఘవరావు గారు. విజయనగరం మనిషి. ఎయిర్‌ఫోర్స్ నుంచి రిటైరై, మా ఎయిర్‌లైన్‌లో ట్రైనింగ్ కెప్టెన్‌గా చేరారు. ఢిల్లీలో ముప్ఫై ఏళ్లున్నా ఆయన "ఏటమ్మా" పోలేదు. హిందీలో నిదానంగా అనే "ఆరామ్ సే" ఒకటి వచ్చి చేరింది, అంతే.

ఆయన క్లాసులో చెప్పే ఇంజిన్ ఫెయిల్యూర్ కథ ఇది చదివే మీలో చాలామంది విన్నారు. అందులో భయపడి "రైట్" అనే ఒక అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి పేరు ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఇవాళ నేనే చెప్తున్నాను. ఆ అమ్మాయిని నేనే.

అప్పటికి నేను ఫస్ట్ ఆఫీసర్‌గా చేరి నాలుగు నెలలు. ఆ మధ్యాహ్నం ఢిల్లీ టేకాఫ్ నాది, అంటే విమానం నా చేతిలో ఉంది. నేల వదిలి కొన్ని సెకన్లయినా కాలేదు, ఎడమ వైపు ధడేల్‌మంది. విమానం ముక్కు ఎడమకి లాగేసింది.

కుడి పెడల్ తొక్కిపట్టాను. ముక్కు తిన్నగా వచ్చింది. కింద మేడలు, వాటి మీద నల్లటి నీళ్ల ట్యాంకులు. వెనక నూట డెబ్భై మంది.

పక్కకి చూస్తే సార్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

ఆయన రోజూ చెప్పే పాఠమే అది. తగినంత ఎత్తు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఒక ఇంజిన్‌తో విమానం ఎగురుతుంది. కంగారులో బాగున్న ఇంజిన్ ఆపేస్తే ఎగరదు.

"నువ్వే ఎగరేస్తన్నావు. ఎగరేయ్. ఆరామ్ సే."

ఎత్తు వచ్చాక ఆయన పాడైన ఇంజిన్ స్విచ్ మీద వేలు పెట్టారు. "దిస్ వన్, కన్ఫర్మ్?" అన్నారు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఆపాలి, అది రూల్.

నేను "రైట్" అన్నాను.

మా నాన్న బస్ కండక్టర్. మా ఇంట్లో పాలు తెమ్మన్నా, గ్యాస్ బుక్ చేయమన్నా జవాబు "రైట్". సరే అని. భయంలో నా నోటికి అదే వచ్చింది.

కాక్‌పిట్‌లో రైట్ అంటే కుడి. పాడైంది ఎడమది. కుడిదే మమ్మల్ని మోస్తోంది.

అన్న మరుక్షణమే తెలిసింది. సరిదిద్దుకుందామని ఆయన వైపు తిరిగాను. ఆయన చెయ్యి రెండు ఇంజిన్ల స్విచ్‌ల దగ్గరే ఉంది. అంత భయం నా జన్మలో పడలేదు.

సార్ వేలు తీసేశారు. చెయ్యి మళ్లీ తొడ కిందకి వెళ్లింది.

"నంబర్ చెప్పమ్మా" అన్నారు తెలుగులో.

"వన్. నంబర్ వన్. లెఫ్ట్."

మీటర్లు ఇద్దరం ఇంకోసారి చూసుకున్నాం. అప్పుడు ఆపారు. అరగంటలో వెనక్కొచ్చి దిగాం. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

తర్వాత క్రూ రూమ్‌లో చాయ్ ఇస్తే ఆయన కప్పు అందుకోలేదు.

"నా చేతులూ వణుకుతాయమ్మా. నీకు కనపడకూడదనే కింద పెట్టుకున్నాను."

ఆ వెంటనే ఇంకో మాట అన్నారు. "నీ 'రైట్' రిపోర్టులో రాస్తాను. దాస్తే రేపు ఇంకో తెలుగోడు అంటాడు."

ఉద్యోగం పోయిందనుకుని అక్కడే ఏడ్చాను. ఆయన రాశారు. దాని కిందే, నంబర్ చెప్పకుండా "దిస్ వన్" అని అడిగిన తప్పు తనదని కూడా రాశారు. నా ఉద్యోగం నిలబడింది.

ఆ తర్వాత ఎక్కడ కనిపించినా ఒకటే మాట. "ఏటమ్మా, ఇంకా బస్సులు పంపిస్తన్నావా?"

ఇన్నేళ్లూ పక్కవాళ్లతో కలిసి ఆ కథకి నేనూ నవ్వాను. నేనేనని చెప్పే ధైర్యం రాలేదు. సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం చివరిచూపుకి వెళ్తే ఆయన చేతులు రెండూ గుండెల మీద పెట్టి ఉన్నాయి. వణకడం లేదు. చాలాసేపు వాటినే చూశాను.

రేపు కెప్టెన్‌గా నా మొదటి ఫ్లైట్ సార్. పక్క సీట్లో కొత్తగా చేరిన కుర్రాడు. మీకు ఫోన్ చేసి చెబుదామనుకుంటుండగా ఆంటీ ఫోన్ వచ్చింది.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. చేతులు తొడల కింద పెట్టుకుంటాను. నంబర్ చెప్పే అడుగుతాను.

ఆ రోజు నుంచి ఆ మాట నా నోట రాలేదు. ఇవాళ ఒక్కసారి, బస్సు కదిలేటప్పుడు మా నాన్న అనేవాడే, అలాగ.

రైట్ సార్, రైట్.

ఆరామ్ సే వెళ్లండి. అక్కడైనా మీ చేతులు హాయిగా ఒళ్లో పెట్టుకుని కూర్చోండి.